మూడో ఆయ్

అమలాపురం బస్టాండులో కంట్రోలర్ గది కిటికీ దగ్గరకొచ్చి, లోపల కూర్చున్నాయన చేతిలో పుస్తకం చూసి "టైమ్ పాసాండీ?" అని ఎవరైనా అడిగారో, ఆ పూట వాళ్ళకి బస్సు సంగతి తెలిసినట్టే! "టైమ్ పాసవ్వడానికి బస్టాండు చాలదేంటండీ, మళ్ళీ పుస్తకం కూడానా?" అని నారాయణమూర్తి మొహం చిట్లించి మైకందుకునేవాడు. రాజోలు బస్సు ఎక్కడ ఆగిందో ఊరందరికీ చెప్పేవాడు గానీ, అడిగినవాడి మొహం మాత్రం చూసేవాడు కాదు.

ఆయనది ఐనవిల్లి దగ్గర పల్లెటూరు. చాలాకాలం కండక్టరుగా చేసి, మోకాళ్ళు మొరాయించాక ఈ గదిలోకి వచ్చి పడ్డాడు. చదువు పిచ్చి పట్టింది కూడా బస్సులోనే. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకసారి కాట్రేనికోనలో బస్సు ఖాళీ అయ్యాక, వెనక సీట్లో ఎవరో మరిచిపోయిన నవల దొరికింది. తిరుగు ట్రిప్పుల్లో ఆత్రంగా చదివేశాడు. తీరా చూస్తే చివరి పేజీలు లేవు. ఎవరో చింపి వేరుశనగ కాయలు పొట్లం కట్టుకున్నారు కాబోలు. అట్ట కూడా లేదు కాబట్టి పేరు తెలీలేదు, పేరు తెలీదు కాబట్టి మళ్ళీ ఎక్కడా దొరకలేదు. ఆ నవల్లో పిల్ల పెళ్ళికి ఒప్పుకుందో లేదో ఆయనకి ఈ రోజుకీ తెలీదు. మనిషికి స్థిమితం లేకుండా పోయింది అప్పటినుంచేనని భార్య కాంతం అనుమానం.

"పుస్తకాలు చదివితే మనసు నెమ్మదిస్తుందంటారు. మీకు బీపీ పెరుగుతోందేంటండీ?" అనేది ఆవిడ.

పెరగక ఏం చేస్తుంది? చదవడమంటే ఒట్టి చదవడమే అయితే బాగానే ఉండును. దాని చుట్టూ బోలెడు తతంగం. నవల తెరవగానే ముందుమాటలు. ఒకటి కాదు, పెళ్ళిలో ఫొటోకి నిలబడ్డ చుట్టాల్లా వరసగా ముగ్గురో నలుగురో ఉంటారు. వాళ్ళలో ఒకాయన కథంతా చెప్పేస్తాడు, చచ్చిపోయేదెవరో కూడా దాచడు. అందుకని నారాయణమూర్తి ముందుమాటల పేజీలకి రబ్బరుబ్యాండు వేసేసి, నవల పూర్తయ్యాకే విప్పేవాడు. ఇక కోనసీమ మీద పుస్తకమంటే అట్ట మీద వంగిన కొబ్బరిచెట్టు, దాని కింద పడవ ఉండి తీరాలి. ఇప్పుడు పడవెక్కి తిరుగుతున్నదెవరండీ, ఒక్కడైనా బస్సు బొమ్మ వెయ్యడేం, అని ఆయన బాధ. ఆవిష్కరణ సభకి వెళితే వక్తలు "నేనింకా పుస్తకం చదవలేదు గానీ" అని మొదలుపెట్టి గంటసేపు వదలరు. వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకాయన తెల్లారేసరికి గంపెడు పుస్తకాలు కుమ్మరించి "చదివి ఆనందించండి" అంటాడు. కుమ్మరించినాయన ఒక్కటైనా తెరిచి ఉండడు.

అన్నిటికంటే ఒళ్ళు మండేది పుస్తకంలో పెన్నుతో గీసేవాళ్ళని చూస్తే. లోవరాజని డిపోలో ఒక డ్రైవరున్నాడు. అతనొకసారి కథల పుస్తకం అడిగి పట్టుకెళ్ళి, నచ్చిన మాటల కిందల్లా ఎర్ర పెన్నుతో గీతలు కొట్టి, ఒకచోట పక్కన 'నిజం!' అని రాసి మరీ తెచ్చిచ్చాడు. "రాసుకోవాలనుంటే మీ ఇంటి గోడ మీద రాసుకోవయ్యా," అని అతనితో మాటలు మానేశాడు నారాయణమూర్తి. ఆ మధ్యలో లోవరాజుకి కూతురు పుట్టింది. బస్టాండంతా మిఠాయిలు తిన్నాక గానీ ఈయనకి ఆ కబురు తెలీలేదు.

ఇలాంటి మనిషికి పుస్తకాల స్నేహం కుదరడమే విడ్డూరం. కుదిరింది, ఒక్కరితో.

హన్నా టీచరు కొత్తపేట దగ్గర హైస్కూల్లో తెలుగు చెబుతుంది. ఇల్లు అమలాపురంలోనే. రోజూ పొద్దున్న రావులపాలెం బస్సు కోసం వచ్చి నిలబడేది. ఒకరోజు కిటికీలోంచి ఆయన చేతిలో పుస్తకం చూసి, టైమ్ పాసా అనలేదు. "అందులో అల్లుడంతా అబద్ధమండీ. అలాటి అల్లుడు ఎక్కడుంటాడు?" అంది. నారాయణమూర్తి ఉలిక్కిపడి, "అల్లుడు ఉంటాడండీ. మామగారే ఉండడు," అన్నాడు. "కాదండీ," అంటూ ఆవిడ బ్యాగు కిటికీ గట్టు మీద పెట్టింది. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఆ రోజు టీచరు బడికి ఆలస్యంగా వెళ్ళింది.

అక్కడినుంచి ఏళ్ళ తరబడి కిటికీ ఊచల సందులోంచి పుస్తకాలు ఇటూ అటూ మారుతూనే ఉన్నాయి. ఆవిడ పేజీ మడత పెట్టేది కాదు. వేలు తడి చేసుకుని తిప్పేది కాదు. తీసుకున్న పుస్తకానికి అట్ట వేసి మరీ తిరిగిచ్చేది. అన్నిటినీ మించి, ఆయన చెప్పినదానికి ఊరికే తలూపేది కాదు. "కాదండీ" అనే మొదలుపెట్టేది. ఆ కాదండీ వినడం కోసం నారాయణమూర్తి జ్వరమొచ్చినా డ్యూటీకి వచ్చేవాడు. ఆదివారాలు ఆయనకి తోచేది కాదు.

మన వైపు కాదండీ అనే మాట అంత తేలిగ్గా దొరికేది కాదు మరి. ఇక్కడ దొరికేది ఆయ్. ఆయ్ అంటే ఔనని. ఆయ్ అంటే సరేనని. వింటున్నాను చెప్పండని కూడా ఆయ్. మీరు చెప్పింది ఒక్క ముక్క నచ్చలేదు గానీ, పెద్దవారు కదా అని ఊరుకున్నాను, అన్నా ఆయే. ఏ ఆయ్ ఏ రకమో విన్నవాళ్ళే చూసుకోవాలి.

ఒకసారి ఈ మాట మీదే కబుర్లొచ్చాయి. టీచరు వాళ్ళమ్మ పెద్దింట్లమ్మ, ఆవిడిప్పుడు లేదు. బతికున్నన్నాళ్ళూ అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్టుకి కూలికి వెళ్ళేది.

"మా అమ్మ ఎవరికీ ఆయ్ అనేది కాదండీ," అంది టీచరు. "కొట్టు షావుకారు పిలిచినా సరే, ఊఁ అనేది. ఆయనకి మహా కోపం. పనిలోంచి తీసేస్తానని బెదిరించేడు కూడా. అయినా ఊఁ యే. చేతులు ఆయన పని చేస్తన్నాయి, నోరు నాదే కదే, అనేది నాతో."

నారాయణమూర్తి ఆ మాటకి కాసేపు మైకు కూడా మరిచిపోయాడు. "ఇది రాయండి టీచరుగారూ. రాయకపోతే పాపమండీ," అన్నాడు.

"రాస్తే మీరు చదివి తప్పులు చెప్పాలి మరి. మెచ్చుకునేవాళ్ళు బోలెడుమంది దొరుకుతారండీ. తిట్టేవాళ్ళు మీరొక్కరే," అంది ఆవిడ.

రాసింది. నవలే రాసింది. హైదరాబాదులో ఒక ప్రచురణకర్త వేస్తానన్నాడు. వేసవి సెలవులు ఇచ్చే ముందురోజు, అచ్చుకి వెళ్ళబోయే కాపీ తెచ్చి కిటికీలోంచి ఇచ్చి వెళ్ళింది.

ఆ సాయంత్రం నారాయణమూర్తి అరుగు మీద కూర్చుని మొదలుపెట్టాడు. మొదటి పేజీలు చదువుతుంటే గర్వంగా అనిపించింది. వర్షానికి తడిసిన పీచు గుట్టలు, పగిలిన ఆ తల్లి అరచేతులు, చేతుల్లోంచి పోని కొబ్బరి వాసన. ఇది మా కిటికీ దగ్గర పుట్టిన పుస్తకమని ఎవరికైనా చెప్పాలనిపించింది. అంతలో ఒకచోట తల్లి కూతుర్ని అన్నానికి పిలుస్తూ "ఆయ్, ఇలా రాయే" అంది. అచ్చుతప్పేమో అనుకున్నాడు. పేజీ తిప్పితే మళ్ళీ ఆయ్. కూతుర్ని తిడుతూ ఆయ్. చావింట్లో ఏడుస్తూ ఆయ్. పక్కింటాయన గేదెని కూడా ఆయ్ అనే అదిలిస్తున్నాడు! చివరికి షావుకారు పిలిచే ఘట్టం వచ్చింది. పెద్దింట్లమ్మ తలెత్తి ఆయన కళ్ళలోకి చూసి, "ఆయ్ బాబూ" అంది.

నారాయణమూర్తి పుస్తకం మూసేశాడు. విసిరికొట్టాలనిపించింది గానీ పుస్తకాన్ని విసిరే చెయ్యి కాదది.

"ఏమైందండీ?" అంది కాంతం.

"కన్నతల్లి చేత ఆయ్ అనిపించింది."

"అనకేమంటారు?"

"ఆవిడ అనదే! ఆవిడ సంగతంతా అదే!"

"అయితే ఆ మాట టీచరుగారికి చెప్పండి. నాకెందుకు చెప్తారు?"

చెబుదామనే అనుకున్నాడు. అయితే ఎక్కడో ఉన్న రచయితని ఇంట్లో కూర్చుని దులిపెయ్యడం వేరు, రోజూ కిటికీ దగ్గర నిలబడే మనిషి మొహం మీద మీ అమ్మని మీరే పాడుచేశారనడం వేరు. ఆవిడ నొచ్చుకుని ఇక కిటికీ దగ్గరకి రాకపోతే? ఈ బస్టాండులో ఆయనతో పుస్తకం గురించి మాట్లాడే మనిషి ఇంకొకరు లేరు. ఆయన భయమల్లా అదే. రాత్రి అటూ ఇటూ దొర్లాడు. పొద్దున్న ఇడ్లీలో పంచదార వేసుకున్నాడు.

టీచరే ఫోన్ చేసింది. ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదన్న దగ్గర్నుంచీ బస్టాండు రోజూ తిరనాళ్ళే. ఆ రోజు మరీ కిటకిటలాడుతోంది.

"చదివేరాండీ?" అంది టీచరు.

"ఆయ్," అన్నాడు. అది నిజమే, చదివాడు.

"బాగుందాండీ?"

"ఆయ్..." అన్నాడు. ఇది వింటున్నానని. దాని వెనకాల 'కానండీ' అని ఒకటి రావాలి. నాలిక చివరిదాకా వచ్చింది. ఇంతలో కాట్రేనికోన బస్సు వెళ్ళిపోయిందా అని ఒకావిడ కిటికీ ఊచలు పట్టుకుని ఊపేస్తోంది. గుమ్మంలోకి డిపో మేనేజరు వచ్చి, "మూర్తిగారూ, ముమ్మిడివరం సర్వీసు ముందు పంపించెయ్యండి," అన్నాడు. ఫోన్లో టీచరు, "అమ్మయ్య! అయితే అచ్చుకి వేసెయ్యమని చెప్పేస్తానండి," అంది.

"ఆయ్," అన్నాడు నారాయణమూర్తి.

ఆ మూడో ఆయ్ ఎవరికి? మేనేజరుగారికేనని ఆయన వాదన. వాదించింది ఇంట్లో కాంతం దగ్గర.

"అలాగైతే మళ్ళీ ఫోన్ చేసి, అమ్మా అది మీక్కాదూ అని చెప్పండి. ఎంతసేపు పని?" అంది ఆవిడ.

ఎంతోసేపు పట్టదు. ఫోన్ తీశాడు, పేరు దాకా వెళ్ళాడు, ఛార్జింగులో పెట్టేశాడు. మర్నాడూ అంతే. ఆ ఆయ్ వెనకాల దాక్కుంటే ఒక విధంగా హాయిగానే ఉంది. కానీ కూర్చుంటే కుదురుండేది కాదు, నిలబడితే మోకాళ్ళు ఒప్పుకునేవి కావు. చదువుతున్న పుస్తకం ఒక్క పేజీ కూడా కదిలేది కాదు. ఒకనాడు రాజోలు వెళ్ళే బస్సుని రావులపాలెమని మైకులో చెప్పేసి, సగంమంది జనాన్ని పరిగెత్తించాడు.

బళ్ళు తెరిచే ముందు అమలాపురంలోనే ఆవిష్కరణ సభ పెట్టారు. హాలు గుమ్మంలో చేతికిచ్చిన పుస్తకం చూస్తే, అట్ట మీద వంగిన కొబ్బరిచెట్టు, దాని కింద పడవ. లోపల మొదటి పేజీలో టీచరు మాటలు: 'ప్రతి పుస్తకంలోనూ తప్పు పట్టే నారాయణమూర్తిగారు నా పుస్తకానికి ఆయ్ అన్నారు. ఇక నాకు భయం లేదు.' నారాయణమూర్తి పుస్తకం టక్కున మూసేశాడు. వేదిక మీద పెద్దలు ఒక్కొక్కరే లేచారు. ఒకాయన, "నేనింకా పుస్తకం చదవలేదు గానీ, చేతిలోకి తీసుకోగానే గోదారి తల్లి పలకరించిందండి," అన్నాడు. తరవాతాయన తన పుస్తకం గురించి మాట్లాడి కూర్చున్నాడు. ఆఖర్న ఈయన్ని పిలిచారు.

చెప్పేద్దామనే లేచాడు. ఎదురుగా ముందు వరసలో హన్నా టీచరు కొత్త పట్టుచీర కట్టుకుని, పక్కన పిల్లల్ని కూర్చోబెట్టుకుని, ఈయన వంకే చూస్తోంది. నలుగురిలోనా? ఇప్పుడా? అచ్చయిపోయాక చెప్పి ఏం లాభం? "ప్రతి అక్షరంలోనూ మన కోనసీమే కనిపించిందండి," అన్నాడు. ఇంకేం తోచక, "ఆయ్," అని ముగించాడు. ఆ ఒక్క ముక్కకీ హాలంతా విరగబడి చప్పట్లు కొట్టింది. భుజాల చుట్టూ శాలువా కప్పారు. అందరూ లేచి ఫొటోకి నవ్వుతున్నప్పుడు చూస్తే, టీచరు నవ్వడం లేదు.

బడి తెరిచాక ఆవిడ కిటికీ దగ్గరకి వచ్చింది. నారాయణమూర్తి ప్రాణం లేచొచ్చి, కొత్తగా తెప్పించిన నవల ఊచల్లోంచి అందించాడు. "ఇందులో ముసలాయన బాగా కుదిరేడండీ," అన్నాడు.

"ఆయ్," అంది టీచరు.

"ముగింపే కాస్త తేలిపోయింది."

"ఆయ్."

"మీకూ అలాగే అనిపిస్తుందేమో చూడండి."

"ఆయ్. అలాగేనండి," అని బస్సెక్కింది. ఆ మర్నాడూ అంతే, ఆ వారమంతా అంతే. పుస్తకం అట్ట వేసుకుని మరీ తిరిగొచ్చింది. కాదండీ మాత్రం రాలేదు. ఇంత మర్యాద ఆవిడ ఆయనకి ఎన్నడూ చెయ్యలేదు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. చివరికి ఒకరోజు బస్సు ప్లాట్‌ఫారం మీదికి వస్తుండగా, ఆయన ఉండబట్టలేక కిటికీ దగ్గర నిలబడి అనేశాడు.

"షావుకారు పిలిచినప్పుడు మీ అమ్మగారు ఆయ్ అనలేదు కదండీ. ఊఁ అన్నారు కదా. మీరే చెప్పేరు నాకు."

టీచరు బ్యాగు భుజం మీదినుంచి దించింది. "మా అమ్మ ఏమందో నాకు తెలీదేంటండీ? హైదరాబాదు వాళ్ళు యాస చాలలేదన్నారు. ఆయ్‌లు వెయ్యమన్నారు. మనసొప్పలేదు, కానీ వేస్తే గాని పుస్తకం వచ్చేలా లేదు. వేసి మీకిచ్చేను. మీరెలాగూ ఊరుకోరు, చెడామడా తిడతారు, ఆ తిట్లు వాళ్ళకి చూపించి అన్నీ తీయించేద్దామనుకున్నాను. మీరు ఆయ్ అన్నారు."

"అది మేనేజరుగారికన్నానండీ. మీక్కాదు."

"మరి సభలో అన్నది ఎవరికండీ?"

నారాయణమూర్తి చెయ్యి మైకు మీదికి వెళ్ళింది.

"పుస్తకం చదవకుండా మాట్లాడేవాళ్ళని ఎన్నెన్ని మాటలనేవారండీ మీరు! వాళ్ళు నయం. వాళ్ళకి మా అమ్మ తెలీదు," అని టీచరు కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి బస్సెక్కేసింది.

ఆ మర్నాటి నుంచి ఆవిడ కిటికీ దగ్గరకి రాలేదు. అవతల ప్లాట్‌ఫారం చివర స్తంభం పక్కన నిలబడేది. నారాయణమూర్తి రావులపాలెం బస్సు సంగతి మైకులో మళ్ళీ మళ్ళీ చెప్పేవాడు. ఆవిడ తలెత్తేది కాదు.

అలా కొన్నాళ్ళు గడిచాక, ఒక మధ్యాహ్నం నారాయణమూర్తి గది బయటికొచ్చి, బస్సు కడిగిస్తున్న లోవరాజు దగ్గరకెళ్ళాడు. "నీ దగ్గర ఎర్ర పెన్నుందా?" అని అడిగాడు.

"ఉందండీ. దేనికండీ?"

"పుస్తకంలో గీయడానికి."

లోవరాజు ఆయన మొహం వంక ఒకసారి చూసి, ఇంకేమీ అడక్కుండా జేబులోంచి తీసిచ్చాడు.

మర్నాడు పొద్దున్న టీచరు స్తంభం దగ్గర నిలబడి ఉంటే, మైకు ఇంకొకరికి అప్పగించి, మోకాళ్ళు పట్టుకుంటూ నారాయణమూర్తి అక్కడికి నడిచి వెళ్ళాడు. చేతిలో ఆవిడ పుస్తకం. ఏమీ అనకుండా తెరిచి పట్టుకున్నాడు. పేజీ నిండా ఎర్ర గీతలు. ఆయ్ కనిపించిన చోటల్లా కొట్టేసి, పెద్దింట్లమ్మ మాటైతే పైన గుండ్రటి అక్షరాలతో ఊఁ అని రాసి ఉంది. టీచరు పుస్తకం అందుకుంది. ఒక్కొక్క పేజీ తిప్పింది. షావుకారు పిలిచే చోట చాలాసేపు ఆగింది. ఆ తరవాత ఇంకో పేజీ తిప్పి, కనుబొమ్మలు ముడిచింది.

"కాదండీ," అంది.

నారాయణమూర్తి పేజీలోకి తొంగిచూశాడు.

"ఇక్కడ కొట్టెయ్యకూడదండీ. ఈ పక్కింటాయన నిజంగానే ఆయ్ అనేవాడు. గేదెతో కూడా అనేవాడు. నేను చూసేను."

"గేదెతో ఎవరంటారండీ?"

"ఆయననేవాడండీ! మీరు చూసేరేంటి?"

రావులపాలెం బస్సు వచ్చింది. లోవరాజు హారన్ కొట్టి కొట్టి, ఇక లాభం లేదని తీసుకుపోయాడు. గేదె సంగతి తేలడానికి కాస్త సమయం పట్టింది. తేలాక టీచరు పుస్తకం మూసి, గుండెకి ఆనించి పట్టుకుంది.

"ఇదొక్కటీ బాగుపడి ఏం లాభమండీ? మా ఇంట్లో పెట్టెల నిండా ఉన్నాయి. అన్నిట్లోనూ మా అమ్మ ఆయ్ అంటూనే ఉంది."

"తీసుకురండి."

టీచరు ఆయన మొహంలోకి చూసింది. "అన్నిటిలోనూ గీస్తారేంటండీ? పెన్నుతో? మీరు?"

"ఊఁ," అన్నాడు నారాయణమూర్తి.